పైడితల్లమ్మ పళ్ళ డబ్బా

పళ్ళ డాక్టరుగా నా సర్వీసంతా ఒకటే ఫిర్యాదు విన్నాను. కట్టుడు పళ్ళు వదులయ్యాయి, బిగించండి. మాట్లాడుతుంటే ఊడి ఒళ్ళో పడుతున్నాయని ఒకరు, పెళ్ళి భోజనంలో లడ్డు కొరికితే లడ్డుతో పాటు సెట్టూ బయటికొచ్చిందని ఇంకొకరు. సీతమ్మధారలో నా క్లినిక్ బోర్డు దింపించేదాకా అదే గోల. వదులుగా చెయ్యమని అడిగిన మనిషి మాత్రం ఒక్కరే తగిలారు. ఆవిడ గురించి చెప్పాలనే ఇది రాస్తున్నాను.

ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు కొందరు, "మేడం, మీ అనుభవాలు రాయండి" అని అడుగుతున్నారు. నేను ఎక్కడ చదివాను, ఎవరు శాలువా కప్పారు అన్నవి మీకు అక్కర్లేదు. పిప్పి పన్ను ఎలా బాగు చెయ్యాలో మీ సార్లు చెబుతారు, నాకంటే బాగా చెబుతారు. వాళ్ళు చెప్పనిది నేను చెబుతాను. కొంచెం కోపంగా చెబుతాను, సర్దుకోండి.

నోరు నింపేసి ప్రశ్నలడిగే పని

మనది చిత్రమైన వృత్తి. మనిషి నోట్లో అద్దం, దూది, ఉమ్ము లాగే గొట్టం అన్నీ కుక్కేసి, "నెప్పి ఎప్పట్నుంచమ్మా?" అని అడుగుతాం. ఆవిడ ఆఁ, ఊఁ అంటుంది. పక్కన నిలబడ్డ మనిషి జవాబు చెబుతాడు. మనం ఆ జవాబే నమ్ముతాం. పెద్ద వయసు ఆడవాళ్ళయితే నోరు ఖాళీగా ఉన్నా సరే, మన చూపు పక్కనున్న వాళ్ళ వైపే పోతుంది. ఇది చెడ్డ అలవాటు. అందరికీ ఉంది.

నా మొదటి ఉద్యోగం గాజువాకలో ఒక పెద్ద డాక్టరు గారి దగ్గర. హస్తవాసి మంచిదని అనకాపల్లి నుంచి కూడా జనం వచ్చేవారు. ఆయన నాకు చెప్పిన మొదటి పాఠం ఇది: "అమ్మాయ్, పెదవులకి ఇవతల మనకి పని లేదు. పన్ను చూడు, పంపించెయ్." ముందు పన్ను విరిగి వచ్చిన ఒక కొత్త పెళ్ళికూతురు "తలుపు తగిలిందండీ" అంటే, ఆయన ఆ తలుపు గురించి ఒక్క ముక్క అడగలేదు. పన్ను మాత్రం ముత్యంలా అతికించి పంపించారు. ఆయన పనితనానికి ఇప్పటికీ దండం పెడతాను గానీ, ఆ పాఠం శుద్ధ తప్పు. పెదవుల దగ్గర ఆగిపోయే డాక్టరు పెదవిని కూడా సరిగ్గా చూడడు.

భార్యని చెయ్యి పట్టుకు నడిపించిన పెద్దమనిషి

పైడితల్లమ్మ గారిని మొదటిసారి తీసుకొచ్చింది ఆవిడ భర్త అప్పారావు గారు. స్టీల్ ప్లాంటులో ఫోర్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. ఇస్త్రీ చొక్కా, నుదుట సన్నగా విభూతి, మెత్తటి మాట. మెట్ల దగ్గర భార్య మోచెయ్యి పట్టుకుని, "సూసుకో, మెట్టుంది" అని నడిపించుకొచ్చేవాడు. విజయనగరం పక్క పల్లెటూరి నుంచి పెళ్ళి చేసుకుని వచ్చి ఉక్కు నగరానికి దగ్గర్లోనే ఇల్లు కట్టుకున్నారు. కొడుకు పోర్టులో ఉద్యోగి. కోడలు జ్యోతి పరవాడలో మందుల కంపెనీ ల్యాబులో చేస్తుంది. అందరూ ఒకే ఇంట్లో ఉండేవారు.

పళ్ళ సెట్టు ఒక్కరోజులో అయ్యేది కాదు. ముందు చిగుళ్ళ అచ్చు తీస్తాం, కొరుకు కొలత తీస్తాం, తర్వాత మైనంలో పళ్ళు పేర్చి నోట్లో పెట్టి చూస్తాం. ఆ మైనం పళ్ళు చూసే రోజు ఇంట్లోవాళ్ళని రమ్మంటాం, ముఖం ఎలా ఉందో చెప్పడానికి. అప్పారావు గారు భార్య గడ్డం పట్టుకుని ఇటూ అటూ తిప్పి చూసి, "పెళ్ళినాటి మొకం వచ్చీసింది డాట్రమ్మా" అన్నాడు. నా దగ్గర చాలా ఏళ్ళుగా పనిచేస్తున్న రవణమ్మ ఆ మాటకి కరిగిపోయింది. "ఓలమ్మ, ఇలాటి మొగుడు ఎంతమందికుంటాడు" అని వారం పాటు దాన్నే తలుచుకుంది.

సెట్టుతో పాటు నీలం రంగు ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఇస్తాం, రాత్రి పళ్ళు తీసి పెట్టుకోవడానికి. దాన్ని కూడా ఆయనే తీసుకుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "అది మర్సిపోద్దండి. నా దగ్గరుంటే బద్రం" అన్నాడు. ఎంత బాగా చూసుకుంటున్నాడో అని నేను కూడా అనుకున్నాను. పైడితల్లమ్మ గారు అద్దంలో తన పళ్ళు చూసుకుంటూ కూర్చుంది.

బేసిన్‌లో పడిన పళ్ళు, తెగిన పెదవి

కొన్నాళ్ళకి ఆ సెట్టు విరిగి వచ్చింది. కడుగుతుంటే చెయ్యి జారి బేసిన్‌లో పడిందన్నాడు అప్పారావు గారు. అది రోజూ జరిగేదే, అతికించి ఇచ్చాను. మరికొన్నాళ్ళకి మళ్ళీ విరిగింది. ఈసారి ముందు పళ్ళు నాలుగూ లోపలికి విరిగి, పైసెట్టు నడిమికి చీలిపోయింది. మళ్ళీ అదే బేసిన్. కొత్త సెట్టు చెయ్యక తప్పదని, కొలతల కోసం నేను ఆవిడ పై పెదవి ఎత్తాను. లోపలి వైపు పచ్చిగా తెగి ఉంది, ముందు పళ్ళ అంచు ఎంత వెడల్పో అంత వెడల్పున. పక్కనే ఇంకో పాత మచ్చ, తెల్లగా మానిపోయింది.

సెట్టు బేసిన్‌లో పడితే పెదవి ఎందుకు తెగింది? విరిగినప్పుడు ఆ పళ్ళు నోట్లోనే ఉన్నాయన్నమాట. ఇంట్లో ఎవరో ఆవిడ మూతి మీద కొడుతున్నారు.

ఎవరు? మన బుర్రలు ఎలా తయారయ్యాయో చూడండి. రవణమ్మకి నేను పెదవి చూపించగానే, అది ఒక్క క్షణం ఆలోచించలేదు. తిన్నగా వరండాలోకి వెళ్ళింది. ఆ రోజు కోడలు జ్యోతి కూడా వచ్చింది. "పెద్దమనిసి మీద సెయ్యి సేసుకుంటావా? నీకూ రేపు వయసొత్తాది" అని అందరి ముందూ కడిగేసింది. నాక్కూడా మొదట తట్టింది కోడలే. ముసలి ఆడమనిషికి దెబ్బ తగిలిందంటే కోడలు, లేకపోతే కొడుకు అనుకుంటాం. మొగుడు మన లెక్కలోకే రాడు. మోకాళ్ళ నెప్పులొచ్చిన మగవాణ్ణి సాధువుల జాబితాలో చేర్చేస్తాం.

అప్పారావు గారు అక్కడే బెంచీ మీద కూర్చుని పేపరు చదువుతున్నాడు. ఆ మాటలన్నీ విన్నాడు. పేపరు మడిచి, మెల్లగా, "ఆడోళ్ళ గొడవలు, నానేటి సెప్తాను" అన్నాడు. ఆ దెబ్బకి వరండాలో ఉన్న పేషెంట్లందరూ జ్యోతి వైపు తిరిగారు. ఆ పిల్ల ముఖం పాలిపోయింది. కాసేపటికి లోపలికొచ్చి నా దగ్గర నిలబడి, "మా అత్తతో ఒకపాలి మీరొక్కరే మాటాడండి డాక్టర్ గారూ. నాను సెప్పకూడదు. నా కూతురి మీద ఒట్టేయించుకున్నాది" అంది.

మెషిన్ ఆన్ చెయ్యని ఎక్స్‌రే

ఒంటరిగా ఎలా మాట్లాడడం? పేషెంటు కుర్చీ వరండాకి ఎదురుగానే ఉంటుంది, ప్రతి మాటా ఆయన చెవిన పడుతుంది. నా క్లినిక్ ఒకప్పటి కాపురాల ఇల్లు. వంటగదిని ఎక్స్‌రే గది చేసుకున్నాను. ఎక్స్‌రే గదిలోకి పేషెంటు తప్ప ఎవరూ రాకూడదని ఎవరికైనా తెలుసు, తలుపు మీద బొమ్మ కూడా ఉంటుంది. "దవడ ఎముక చూడాలి" అని పైడితల్లమ్మ గారిని లోపలికి తీసుకెళ్ళి తలుపు వేశాను. మెషిన్ స్విచ్ వెయ్యలేదు.

అడిగేలోపే ఆవిడే మొదలుపెట్టింది. "డాట్రమ్మా, ఈపాలి సెట్టు వదులుగా సెయ్యండి. బేగి ఊడొచ్చీలాగ."

నాకు పౌరుషం వచ్చింది. బిగువైన సెట్టు చెయ్యడంలో నాకు పేరుంది మరి. "వదులుగా ఎందుకండీ? తినలేరు, మాట్లాడలేరు" అన్నాను.

"ఆయన డబ్బా పట్టుకుంటాడు కదమ్మా. బేగి రాపోతే ఇంకా కోపం. వదులుగా సేయించుకోమన్నాడు."

"డబ్బా పట్టుకోవడం ఏమిటి?"

"మూత తీసి పట్టుకుంటాడు. 'పళ్ళు తియ్యే' అంటాడు. నాను తీసి అందులో ఏత్తాను. మూతెట్టి జేబులో ఏసుకుంటాడు. అప్పుడు కొడతాడు." ఆవిడ ఇదంతా కూర ఎలా వండాలో చెబుతున్నట్టు చెప్పింది. "మొదటిపాలి సెట్టు ఇరిగినప్పుడు కర్సయిందని శానా బాద పడ్డాడు. అప్పట్నుంచి డబ్బా. మొన్న మీ సెట్టు గట్టిగా పట్టీసింది, ఎంత లాగినా రాలేదు. ఆయన ఆగలేకపోయాడు."

నేను స్టూలు మీద కూర్చుండిపోయాను. ఇన్నేళ్ళలో చాలా నోళ్ళు చూశాను. లారీ గుద్దినవి చూశాను, కేన్సర్ తినేసినవి చూశాను. వాటిలో ఏదీ నన్ను ఇలా కూర్చోబెట్టలేదు.

ఎందుకంటే, ఇలాంటివి వింటే మనందరం చెప్పే మాట ఒకటుంది. పాపం కోపం, కోపంలో ఏం చేస్తాడో తెలీదు, మనిషి మంచివాడే. వినండి పిల్లలూ. ఈ కోపం డబ్బా మూత తీసేదాకా ఆగింది. పళ్ళు అందులో పడేదాకా ఆగింది. మూత పెట్టి జేబులో వేసుకునేదాకా ఆగింది. వస్తువు పాడవకూడదన్న తెలివి దానికి పూర్తిగా ఉంది. ఇక నుంచి ఎవరైనా నా ముందు కోపంలో కొట్టాడు అంటే నేను ఒప్పుకోను.

"ఎప్పట్నుంచి?" అని అడిగాను.

"పెళ్ళైన కాడ్నించీ. అప్పుడు డూటీ ఉండీది కదమ్మా. ఏ షిఫ్టు, బీ షిఫ్టు, సీ షిఫ్టు. ఆయన డూటీలో ఉన్నంతసేపూ నాకు సెలవు. రిటైరయ్యాక మూడు షిఫ్టులూ నా మీదే." చిన్నగా నవ్వింది కూడా.

"ఈ వయసులో కూడానా?" అనేశాను. అంతకంటే తెలివితక్కువ ప్రశ్న లేదు.

"వయసు ఒంటికొచ్చింది గానీ ఆ సేతికి రాలేదమ్మా" అంది.

కొడుక్కి తెలుసా అని అడిగితే, తెలుసంది. చిన్నప్పుడు మంచం కింద దూరేవాడట. ఇప్పుడు టీవీ సౌండ్ పెంచుతాడట. అడ్డం వచ్చే మనిషి కోడలొక్కతే. ఆ మధ్య అడ్డం వచ్చినప్పుడు దానికీ తగిలిందని, ఇంక రావద్దని ఒట్టు వేయించుకున్నది అందుకేనని చెప్పింది. ఆ పిల్లనే మేము వరండాలో నిలబెట్టి కడిగేశాం.

బయటికి వచ్చాం. "ఎక్స్‌రేలో ఏటొచ్చింది డాట్రమ్మా?" అని అప్పారావు లేచి నిలబడ్డాడు. ఇక్కడి నుంచి గారు తీసేస్తున్నాను. నేను ఆయన ముఖం చూడలేకపోయాను. చొక్కా జేబు చూశాను. నీలం డబ్బా అంచు బయటికి కనబడుతోంది.

తిప్పించుకునే డాక్టరు

వాళ్ళు వెళ్ళాక రవణమ్మకి చెప్పాను. అది పనిముట్లు ఉడకబెట్టే గదిలో కింద కూర్చుండిపోయింది. "ఆ మనిసికి నా సేత్తో టీ ఇచ్చానమ్మా" అని మాత్రం అంది. ఆ సాయంత్రమే జ్యోతికి ఫోన్ చేసి ఏడ్చిందట.

నేను మర్నాడే పోలీసుల దగ్గరికి పోదాం అనుకున్నాను. ఆ తర్వాతి సిట్టింగులో ఆ మాట ఎత్తగానే పైడితల్లమ్మ గారు లేచి నిలబడింది. "అలగైతే నాను మరి రాను" అంది. నాకు భయం వేసింది. ఆవిడ రావడం మానేస్తే ఆ ఇంట్లో ఏం జరిగినా నాకు తెలియదు. వదులు సెట్టు చేసి చేతిలో పెడితే ఆ డబ్బాకి నేనూ ఒక చెయ్యి వేసినట్టే. బిగువు సెట్టు ఇస్తే, ఈసారి విరిగిన ముక్క గొంతులోకి పోతే మనిషే దక్కదు. ఏది చేసినా దెబ్బ ఆవిడకే.

పళ్ళ డాక్టర్లు ఊరికే తిప్పుతారు, ఇంకో సిట్టింగ్ అంటూ నెలలు గడుపుతారని జనం మనల్ని తిడతారు. చాలాసార్లు ఆ తిట్టు న్యాయమైనదే. నేను మొదటిసారి దాన్ని కావాలని సంపాదించుకున్నాను. చిగురు మానలేదన్నాను. అచ్చు సరిగ్గా రాలేదన్నాను. మైనం కరిగిందన్నాను. ప్రతిసారీ దవడ ఎముక చూడాలని ఎక్స్‌రే గదిలోకి తీసుకెళ్ళేదాన్ని. సెట్టు లేనన్నాళ్ళు విరగడానికి పళ్ళు లేవు గానీ దెబ్బలు ఆగలేదు, అది కూడా చెబుతున్నాను. ఒకసారి చెవి కింద కమిలి వచ్చింది. నేను చూసినది చూసినట్టు రాసి, ఆవిడ ఎప్పుడు అడిగితే అప్పుడు ఇస్తానని చెప్పాను.

రక్షణాధికారి అని ఒకరుంటారు, ఇంట్లో హింస పడే ఆడవాళ్ళ కోసం ప్రభుత్వం పెట్టిన మనిషి. చాలామంది డాక్టర్లకే తెలియదు. మా వైపు చూసే అధికారి ఒకావిడని బతిమాలి పిలిపించి ముందే ఎక్స్‌రే గదిలో కూర్చోబెట్టాను. పైడితల్లమ్మ గారి భయం ఒకటే. "ఆ ఇంటికి ఇటికలు మోసాను నాను. ఒగ్గీసి పోతే ఇల్లు పోద్ది. ఈ వయసులో మొగుణ్ణొగ్గీసిందని మా వోళ్ళు మొకం సూడరు." ఆ అధికారి తొందరపెట్టలేదు. బయటికి వెళ్ళినంత మాత్రాన ఆ ఇంటి మీద హక్కు పోదని, చట్టం కొత్త పెళ్ళికూతుళ్ళకి మాత్రమే కాదని, కొట్టకుండా కోర్టు చేత ఆర్డరు తేవచ్చని ఒక్కొక్కటీ విడమరిచి చెప్పింది. అంతా విని పైడితల్లమ్మ గారు "సూద్దాం" అంది. మరుసటిసారీ సూద్దామే. నాకు విసుగొచ్చేది, కోపమొచ్చేది. మనం ఒక్క పూటలో తేల్చేయమంటే ఆవిడ జీవితమంతా మోసినది ఎలా తేలుతుంది? ఆ ఓపిక నేను ఆ అధికారి దగ్గరే నేర్చుకున్నాను.

అప్పారావుకి అనుమానం రాలేదు, చిరాకు వచ్చింది. "ఎన్ని సిట్టింగులండీ, కూకుని కూకుని బెంచీ అరిగిపోతంది" అనేవాడు. నన్ను చేతకాని డాక్టరని వీధంతా చెప్పాడని విన్నాను. సంతోషించాను.

ఈలోగా జ్యోతి దువ్వాడలో ఒక పోర్షన్ అద్దెకి తీసుకుంది. మొగుడితో, "నాను అత్తనీ పిల్లనీ తీసుకుని ఎల్తన్నాను. నువ్వు రావాలంటే రా, నేకపోతే ఇక్కడే టీవీ సూసుకో" అని చెప్పేసిందట. ఆ సంగతి పైడితల్లమ్మ గారే ఎక్స్‌రే గదిలో నాకు చెప్పింది. చీర కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

"డాట్రమ్మా, సెట్టు గట్టిగా సెయ్యండి. ఎవులు లాగినా రాకూడదు" అంది చివరికి.

నాకు అర్థమైంది. కళ్ళనీళ్ళు ఆగలేదు. ముక్కు తుడుచుకుని అచ్చు తీయడానికి గిన్నెలో మందు కలిపాను. నా జీవితంలో అంత శ్రద్ధగా ఏ సెట్టూ చెయ్యలేదు.

ముందే చెప్పేస్తున్నాను

తర్వాత ఏమైందో అని మీరు కంగారు పడతారు కాబట్టి ముందే చెప్పేస్తాను. అప్పారావు దువ్వాడ వెళ్ళి గుమ్మంలో గొడవ చేశాడు. పెద్దమనుషుల్ని వేసుకుని వెళ్ళాడు. వాళ్ళూ "ముసలోడికి అన్నం ఎవరు పెడతారు" అని ఈవిడనే అడిగారు. కోర్టు ఆర్డరు రావడానికి టైం పట్టింది, వచ్చింది. కొడుకు టీవీ మోసుకుని వెనకాలే వెళ్ళాడు. తల్లితో ఇప్పటికీ ఆ విషయం మాట్లాడడట. అన్నీ చక్కబడ్డాయని నేను చెప్పను. పైడితల్లమ్మ గారు పోయినేడు నన్ను చూడ్డానికి వచ్చింది, తనే చేసిన జంతికలు పట్టుకుని. నా ఎదురుగా కూర్చుని రెండు కరకరలాడించింది.

మీకు నేను చెప్పేది కొంచెమే. పెదవి పైకెత్తి లోపలి వైపు చూడండి. నోట్లో ఏమీ పెట్టకముందే మనిషిని అడగండి, పక్కవాళ్ళని కాదు. వయసు మళ్ళిన ప్రతి ఆడమనిషినీ ఏదో ఒక వంకతో ఒంటరిగా ఒక గదిలోకి తీసుకెళ్ళండి, ఎంత మంచి మొగుడు వెంట ఉన్నా సరే. అడిగాక వెంటనే జవాబు రాకపోతే మళ్ళీ రమ్మనండి. ఆ తర్వాత నేను వయసు మళ్ళిన ఆడవాళ్ళందరినీ అలాగే అడిగాను. ఎంతమంది తలుపు వేయగానే ఏడ్చారో చెబితే మీకు అన్నం సహించదు. నాకూ సహించలేదు.

ఇక ఆ చివరి రోజు సంగతి. పొద్దున పది దాటింది. పైడితల్లమ్మ గారికి ఎక్స్‌రే గదిలోనే కొత్త సెట్టు పెట్టాను. ఆవిడ దవడ ఆడించి, బొటనవేలితో కిందికి లాగి చూసింది. రాలేదు. ఆ గది ఒకప్పటి వంటగది అని చెప్పాను కదా, దానికి వెనక సందులోకి తలుపుంది. సందులో ఆటోలో జ్యోతి కూర్చుని ఉంది. రవణమ్మ చిన్న సంచీ అందించింది. పైడితల్లమ్మ గారు గుమ్మం దాటాక ఒకసారి ఆగి, వెనక్కి చూడకుండానే నా చెయ్యి గట్టిగా నొక్కి వెళ్ళిపోయింది.

ఆటో మలుపు తిరిగేదాకా చూసి, చేతులు కడుక్కుని, వరండాలోకి వచ్చాను. అప్పారావు పేపరు మడిచి లేచాడు.

"అయిపోయిందా డాట్రమ్మా? ఈపాలి వదులుగానే సేసారా?"

"గట్టిగా చేశాను. ఆవిడే అడిగారు."

ఆయన ముఖం మారింది. నా భుజం మీదుగా ఎక్స్‌రే గది వైపు చూశాడు. "అదెక్కడ?"

"వెళ్ళిపోయారు" అన్నాను.

ఆయన అరవలేదు. వరండా నిండా జనం ఉన్నారు, జనంలో ఆయన ఎప్పుడూ అరవడు. చెయ్యి మాత్రం తనంతట అది జేబులోకి వెళ్ళి నీలం డబ్బా బయటికి తీసింది. "డబ్బా నా కాడే ఉండిపోయింది. పళ్ళు ఎందులో ఎట్టుకుంటాది?" అన్నాడు.

"ఇంక నిద్రపోయే ముందే తీస్తారు. దానికి గ్లాసు చాలు" అన్నాను.